క్రాంజిలో దోసెడు నీళ్ళు

జనవరి 10, శనివారం

ఈ డైరీ మొత్తం తెలుగులోనే రాయాలని నిశ్చయించుకున్నాను. "అనుకున్నాను" అని రాసి కొట్టేశాను. అనుకున్నది రేపటికి మారిపోవచ్చు. నిశ్చయించుకుంటే అంత తేలిగ్గా మారదు. ఈ తేడా నాకు నిరుటి దాకా తెలియదు. సీతారామారావు మాస్టారి తెలుగు క్లాసుకి వెళ్ళడం మొదలుపెట్టాక తెలిసింది. అప్పటి నుంచి బస్సులో కూర్చున్నా ఏదో ఒక మాట నోట్లో తిరుగుతూనే ఉంటుంది.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర నాన్న విషయం కదిపాడు.

"ఫిబ్రవరి మూడు, మంగళవారం. పొద్దున్నే పాసిర్ రిస్ వెళ్ళాలి. అక్కణ్ణుంచి ఆర్మీ వాళ్ళే బస్సులో పడవ దాకా తీసుకెళ్తారు. టెకాంగ్ దీవిలో క్యాంపు. మొదటి రోజు ఫ్యామిలీ కూడా రావచ్చట. చూపించి, లంచ్ పెట్టి పంపిస్తారట."

అమ్మ పప్పు గిన్నె మీద మూత ఠపీమని పెట్టింది. "లంచ్ పెడతారని రెండేళ్ళు ఇచ్చేస్తామా పిల్లాణ్ణి? అదీ మంగళవారం పూట!"

"సుచిత్రా, అందరి పిల్లలూ వెళ్తున్నారు. ఈ దేశంలో స్థిరపడదామని పీఆర్ తీసుకున్నప్పుడే తెలుసుగా, మగపిల్లాడు సైన్యంలో చెయ్యాలని."

"అప్పుడు వీడికి ఆరేళ్ళు. ఆరేళ్ళవాణ్ణి ఒళ్ళో పెట్టుకుని సైన్యం అంటే ఎవరికి భయమేస్తుందండీ?"

నేను మజ్జిగ కలుపుకుంటున్నాను.

"మీరిద్దరూ వెళ్ళండి. నేను రాను. కూతురు లేదు కదా, అప్పగింతలు తప్పాయి అనుకున్నాను. కొడుకుని అప్పగించడానికి పడవెక్కి రమ్మంటారా నన్ను?"

అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కుళాయి చాలాసేపు పారింది. సింకులో రెండు గ్లాసులే ఉన్నాయి.

అమ్మ రాకపోయినా ఏమీ కాదు. నాకు పద్దెనిమిదేళ్ళు.

జనవరి 13

మాస్టారు వచ్చే ఆదివారం నన్నూ, నాతోపాటు చదివే అక్షరనీ క్రాంజి తీసుకెళ్తానన్నారు. అక్కడ జపాన్ సైన్యం దిగిన ఒడ్డు ఉంది. దగ్గర్లోనే యుద్ధ స్మారకం. చూసి వచ్చి ఒక వ్యాసం రాయాలి. బాగుంటే క్లాసు పత్రికలో వేస్తారు. నాది వేస్తారని నాకు నమ్మకం. (అహంకారం. కానీ నిజం.)

ఇవాళ్టి మాటలు: ఒడ్డు, గట్టు, దరి, తీరం. నాలుగూ ఒకటే అనుకున్నాను. కావు. ఒడ్డున నిలబడతాం. గట్టు మీద నడుస్తాం. దరి చేరతాం. తీరాన్ని దూరం నుంచి చూస్తాం.

నాన్న మళ్ళీ అడిగాడట. అమ్మ రానంది. ఏమీ కాదు.

జనవరి 18, ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టను! ఒడ్డు దగ్గరే మొదలుపెడతాను.

బుకిట్ పంజాంగ్‌లో ఎక్కితే ఒకే బస్సు. అక్షర దారంతా చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చుంది. క్లాసుకి వాళ్ళమ్మ పంపిస్తే వస్తుంది, నాలాగా కాదు. మాస్టారు గొడుగు ఊపుకుంటూ ముందు నడిచారు. డెబ్బై ఏళ్ళు దాటినా మేమే ఆయన వెనకాల పరుగెత్తాలి.

రిజర్వాయర్ పక్కన చిన్న పార్కు. బురద వాసన, మడ చెట్లు, గాలాలు వేసుకుని కూర్చున్న ఇద్దరు తాతలు. అవతల ఒడ్డున మలేసియా మేడలు ఎంత దగ్గరగా ఉన్నాయంటే, బాల్కనీల్లో ఆరేసిన బట్టలు కనపడతాయేమో అనిపించింది.

"ఇంతేనా?" అంది అక్షర. "మాస్టారూ, దిస్ ఈజ్ నాట్ ఈవెన్ ఎ బీచ్ లా. ఈస్ట్ కోస్ట్ బీచ్ చాలా బెటర్."

"అమ్మాయ్, యుద్ధానికి వ్యూ అక్కర్లేదు. అవతలి ఒడ్డు దగ్గరగా ఉంటే చాలు," అన్నారాయన.

తెరిచిన పుస్తకం ఆకారంలో ఒక రాతి ఫలకం ఉంది. మాస్టారు దాని పక్కన నిలబడి చెప్పారు. 1942 ఫిబ్రవరి. చీకట్లో చిన్న చిన్న పడవల్లో జపాన్ సైనికులు ఈ నీళ్ళు దాటి వచ్చారు. ఇటువైపు కాచుకుని ఉన్నది ఆస్ట్రేలియా వాళ్ళు. వాళ్ళు చమురు నీళ్ళలోకి వదిలారు, అది అంటుకుంది. నీళ్ళ మీద మంట. పడవల్లో ఉన్నవాళ్ళకి అటు వెళ్ళడానికీ లేదు, ఇటు రావడానికీ లేదు.

నేను ఆ నీళ్ళ వంక చూశాను. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఎన్నిసార్లు చూసినా అవి మామూలు నీళ్ళే. ఒక్కసారి చెప్పాక ఇక మామూలుగా చూడలేం. మాటకి ఇంత బలం ఉంటుందా అనిపించి ఒళ్ళు ఝల్లుమంది. గాలం వేసిన తాతకి అప్పుడే చేప పడింది. అక్షర చప్పట్లు కొట్టింది.

స్మారకం గురించి ఎంత రాసినా తక్కువే. గుట్ట మొత్తం గడ్డి. అంత పచ్చని, అంత సమంగా కత్తిరించిన గడ్డిని నేను ఎక్కడా చూడలేదు. దాని మీద తెల్లని రాళ్ళు, వరసలు వరసలుగా, ఎటు నుంచి చూసినా గీత తప్పకుండా. ప్రతి రాయి మొదట్లో ఒక పూల మొక్క. పైన విమానం రెక్కలా పెద్ద కప్పు, దాని కింద స్తంభాల నిండా పేర్లు. మన దేశం వాళ్ళవి కూడా ఎన్నో. ఆ కట్టడం వెనక ఇంకో చిన్న స్మారకం. దహనం చేసిన భారత సైనికుల కోసం కట్టిందట. ఎవరి ఆచారం ప్రకారం వాళ్ళని సాగనంపారు. ఇంతమందిని ఇంత శ్రద్ధగా, ఇన్నేళ్ళుగా, ఒక్క ఆకు కూడా రాలి ఉండనివ్వకుండా చూసుకోవడం! ఎవరో ఒక తోటమాలి మోకాళ్ళ మీద కూర్చుని రాయి చుట్టూ గడ్డి చేత్తో సరిచేస్తున్నాడు. నేను నమస్కారం పెట్టాను. ఆయన చెయ్యి ఊపాడు.

రాళ్ళ మీద ఏం రాసుందో అంతగా చూడలేదు.

ఇంటికొచ్చేసరికి మంచి ఆకలి. గుమ్మం దగ్గరికి రాగానే అమ్మ గ్రిల్ గేటు తీస్తూ అడిగింది.

"ఎండలో ఎక్కడెక్కడ తిప్పార్రా?"

"క్రాంజి బీచ్, తర్వాత మెమోరియల్."

"మెమోరియల్ అంటే? బొమ్మలా?"

"కాదమ్మా, యుద్ధంలో పోయినవాళ్ళ... సమాధులు."

గేటు మూసుకుంది. తాళం కూడా పడింది.

"అక్కడే ఆగు! గుమ్మం దాటావంటే ఊరుకోను. ఆదివారం, అమావాస్య, శ్మశానం! ఏవండీ, బకెట్ పట్రండి!"

తొమ్మిదో అంతస్తు వరండాలో, చెప్పుల స్టాండు పక్కన, షర్టుతో సహా నాకు స్నానం జరిగింది. నాన్న తువ్వాలు అందిస్తూ, "కొంచెం మెల్లిగా పొయ్యి, కింద వాళ్ళ బట్టల మీద పడితే కంప్లైంట్ ఇస్తారు," అంటున్నాడు. పక్క ఫ్లాట్ అజీజా ఆంటీ తల బయటపెట్టింది. "వాట్ హ్యాపెన్డ్ సుచిత్రా? టాయ్‌లెట్ స్పాయిల్ ఆ? యూ వాంట్ ప్లంబర్ నంబర్?"

"నో నో! ప్రేయర్స్!" అంది అమ్మ, ఇంకో చెంబు నా నెత్తిన పోస్తూ.

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆంటీ లోపలికి వెళ్ళాక చిన్న గొంతుతో అంది.

"సైన్యంలోకి వెళ్ళబోయేవాణ్ణి సమాధులు చూపించడానికి తీసుకెళ్తారా ఎవరన్నా? ఆ మాస్టారికి పిల్లలుంటే తెలిసేది. ఇంక ఆ రోజు రమ్మని నన్ను ఎవరూ అడక్కండి. చెప్తున్నా."

జనవరి 19

వ్యాసం మొదలుపెట్టాను. అమ్మ మాట్లాడటం లేదు. ఏమీ కాదు.

జనవరి 21

వ్యాసం మెయిల్ చేసిన గంటకే మాస్టారు ఫోన్ చేశారు.

"గణపతీ, గడ్డి గురించి ఒక పేరా అంతా రాశావు. బాగుంది. నిజంగానే బాగుంది."

"థాంక్యూ మాస్టారూ."

"ఆ గడ్డి కింద ఉన్నవాళ్ళ గురించి?"

"అమరవీరులు అని రాశాను కదండీ."

"రాశావు. మూడు చోట్ల రాశావు. ఎన్నేళ్ళవాళ్ళు?"

"గమనించలేదండీ."

"సరే," అన్నారు. ఇంకేమీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

గమనించాను. ప్రతి రాయి మీదా వయసు ఉంది. ఇరవై మూడు. ఇరవై ఒకటి. పంతొమ్మిది. మళ్ళీ పంతొమ్మిది. రెండో వరస చివర్లో ఒకడికి పద్దెనిమిది.

ఇది వ్యాసంలో పెట్టను. అమ్మ చదువుతుందని కాదు. వాక్యం అందం పోతుందని.

జనవరి 22

నిఘంటువులో ఒక మాట దొరికింది. తర్పణం. తృప్తి పరచడం అని అర్థం. పోయినవాళ్ళకి నీళ్ళు విడిచి తృప్తి పరుస్తారట. దోసిట్లో నీళ్ళు చాలు! ఇంత పెద్ద బాధకి ఇంత చిన్న పని. మూడు అక్షరాల్లో ఎంత దయ పెట్టారు మనవాళ్ళు. రోజంతా ఆ మాటే.

జనవరి 23

సాయంత్రం అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, నా వైపు చూడకుండా అడిగింది.

"ఫోటోలు తీశావా అక్కడ?"

"ఎక్కడ?"

"తెలీనట్టు అడక్కు. అక్కడే."

ఫోన్ ఇచ్చాను. గడ్డి, ఆకాశం, విమానం రెక్క. చేతులు తుడుచుకుని ఒక్కొక్కటీ జరిపి చూసింది. ఇంతవరకు భయపడలేదు నేను. తర్వాత దూరం నుంచి తీసిన వరసల ఫోటో ఒకటి వచ్చింది. దానిలో రాతలేవీ కనపడవు. అమ్మ రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఆన్‌లైన్ బట్టల కొట్టులో చీర అంచు చూడ్డానికి చేసినట్టే.

"ఏజ్డ్ నైన్‌టీన్," అని చదివింది.

పక్క రాయికి జరిపింది. దాని పక్కదానికి జరిపింది. నేను ఫోన్ తీసుకోబోతే ఇవ్వలేదు.

"నువ్వు చదివి వినిపించావు చూడు మొన్న నాన్నకి, అమరవీరులు అని. వంటింట్లోంచి విన్నాలే. పెద్ద పెద్ద మీసాలవాళ్ళనుకున్నా."

చిక్కుడుకాయల పళ్ళెం మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది. కొన్ని ఒలిచింది.

"ఆదివారం నన్ను తీసుకెళ్ళు."

"శ్మశానానికి ఆడవాళ్ళు వెళ్ళకూడదు అంటావుగా?"

"అంటాను. తీసుకెళ్ళు."

జనవరి 25, ఆదివారం

నాన్న టీవీలో క్రికెట్ ఉందని రాలేదు. అమ్మా నేనూ టాక్సీలో వెళ్ళాం. గేటు దగ్గర చెప్పులు విప్పబోతే, ఇది గుడి కాదమ్మా అన్నాను. అయినా విప్పింది. రాయి కాలుతోందని మళ్ళీ వేసుకుంది.

నేను గైడులా మొదలుపెట్టాను. ఎన్ని వేల పేర్లు, ఆ కప్పు ఎవరు గీశారు, ఏ దేశం వాళ్ళు ఎటువైపు. అమ్మ వినలేదు. మొదటి వరసలో మొదటి రాయి దగ్గర నిలబడింది. చదివింది. రెండో దానికి వెళ్ళింది. నేను చిన్నప్పుడు స్కూలు వదిలే వేళకి అమ్మ గేటు దగ్గర నిలబడి, బయటికొచ్చే ప్రతి పిల్లాడి మొహం చూసేది. ఇవాళ అలాగే చూసింది. ఒక్కణ్ణి కూడా వదల్లేదు. గొడుగు నేనే పట్టుకుని వెనకాల నడిచాను.

కొన్ని రాళ్ళ మీద పేరు లేదు.

"వీళ్ళెవరు?"

"తెలియలేదమ్మా. సైనికుడు అని మాత్రమే తెలిసింది."

"ఎక్కడో ఒకావిడకి తెలుసుగా," అంది.

ఈ వాక్యం ముందు నా వ్యాసం మొత్తం ఎందుకూ పనికిరాదు. అమ్మ తెలుగు నిఘంటువు ఎప్పుడూ తెరవలేదు.

పైకెక్కి, వెనక ఉన్న చిన్న స్మారకం దగ్గరికి వెళ్ళాం. ఇది దహనం చేసిన మనవాళ్ళకి గుర్తుగా కట్టారని చెప్పాను. అమ్మ ఆ పేర్లు కూడా చదవసాగింది. నాకు ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. ఆ మాట గుర్తొచ్చింది. సీసా మూత తీసి, కుడి చేతిలోకి నీళ్ళు వంచుకుని, గడ్డి దగ్గర వంగాను.

చెయ్యి మీద ఒక్కటి పడింది. సీసా దొర్లిపోయింది.

"ఏం చేస్తున్నావురా!"

"తర్పణం."

"తండ్రి బతికుండగా నీళ్ళొదులుతావా! నీకెవరు చెప్పారు? మీ నాన్నకేమన్నా అయితే!"

నాకు తెలియదు. తండ్రి లేనివాళ్ళే ఆ పని చెయ్యాలని నిఘంటువులో లేదు. మాట అర్థం ఉంది, అంతే. అమ్మ మొహం పాలిపోయింది. గబగబా ఫోన్ తీసి నాన్నకి కలిపింది, స్పీకర్ ఆన్ అయింది.

"ఏవండీ! బానే ఉన్నారా?"

"బానే ఉన్నా. ఏమైంది?"

"ఛాతీలో ఏమన్నా నొప్పిగా ఉందా?"

"వికెట్లు పడుతుంటే ఉండదా మరి. ఏమైంది సుచిత్రా?"

అమ్మ ఆ మెట్టు మీదే కూర్చుండిపోయి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంచెం సేపటికి అది నవ్వు కాదని తెలిసింది. నేను పక్కన కూర్చున్నాను. ఫోన్లో నాన్న "హలో, హలో" అంటూనే ఉన్నాడు. జరిగింది నేనే చెప్పాను.

నాన్న మ్యాచ్ ఆపేశాడు. తర్వాత, "వాడు చెయ్యకూడదు గానీ నేను చెయ్యొచ్చుగా. నాకు మా నాన్న లేడు. ఉండండి, వస్తున్నా," అన్నాడు.

నీలం టీమ్ జెర్సీలో, నిక్కరుతో, టాక్సీలో వచ్చాడు. మా నాన్న బ్యాంకులో సర్వర్లు చూసుకునే మనిషి. పూజలప్పుడు ఆఫీసు కాల్స్ మాట్లాడే మనిషి. వచ్చి చెప్పులు విప్పాడు. ఫోన్లో దిక్సూచి తీసి దక్షిణం ఎటో చూసుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నువ్వులు లేవండీ," అంది అమ్మ.

"ఫర్వాలేదు."

"ఎవరి పేరు చెప్తారు?"

"మా నాన్న తద్దినంలో చివర ఒక దోసెడు ఉంటుంది. తల్లీ తండ్రీ బంధువులూ ఎవరూ లేనివాళ్ళకి. పంతులుగారు విడవమంటే విడిచేవాణ్ణి. ఎవరికీ అని ఎప్పుడూ అడగలేదు."

బొటనవేలి పక్క నుంచి నీళ్ళు మెల్లిగా గడ్డిలోకి జారాయి. అంతే. ఏ శబ్దమూ లేదు. నేను నా జీవితంలో ఎన్నో గొప్ప వాక్యాలు చదువుతాను, రాస్తాను కూడా. ఇంతకంటే గొప్ప పని చూస్తానని అనుకోను. మా నాన్న నిక్కరు వేసుకుని చేశాడు.

అమ్మ గుట్ట మీంచి కిందికి చూస్తూ నిలబడింది. చెట్ల పైన, దూరంగా, నీళ్ళు సన్నని గీతలా ఉన్నాయి.

"ఏవండీ, వీళ్ళు వచ్చేటప్పుడు వీళ్ళ అమ్మలు రేవు దాకా వచ్చుంటారంటారా?"

"కొందరు వచ్చుంటారు. చాలామందికి కొడుకు ఏ పడవెక్కాడో కూడా తెలిసుండదు."

అమ్మ గొడుగు తీసుకుని మెట్లు దిగసాగింది.

ఇంటికొచ్చాక వరండాలో ముగ్గురికీ స్నానాలు. అజీజా ఆంటీ ఈసారి కుర్చీ వేసుకుని చూసింది. "టుడే హోల్ ఫ్యామిలీ ఆ?" అని మెచ్చుకుంది.

అమ్మ అందరికంటే చివర్న పోసుకుని, తడి జుట్టు పిండుకుంటూ నా గది గుమ్మం దగ్గర ఆగింది.

"ఏరా, మూడో తారీకు ఆ పడవ ఎన్నింటికి?"

చెప్పాను.

"ముందే చెప్పొచ్చుగా. టిఫిన్ ఏం చెయ్యాలో చూసుకోవద్దూ!" అని వెళ్ళిపోయింది.

ఇన్ని రోజులూ "ఏమీ కాదు" అని రాశాను. అబద్ధం. చాలా అయ్యేది.

జనవరి 28

వ్యాసం మొత్తం కొట్టేసి మళ్ళీ రాశాను. గడ్డి ఉంది, తక్కువగా ఉంది. వయసులు పెట్టాను. అమరవీరులు అన్న మాట తీసేసి "పిల్లలు" అని రాశాను. మాస్టారు చదివి, ఈసారి ఫోన్ చెయ్యలేదు. "పత్రికకి పంపుతున్నాను" అని ఒక మెసేజ్ పెట్టారు. అక్షర కూడా చదివిందట. "నాట్ బ్యాడ్ లా" అంది. తను అంత పెద్ద మెప్పు ఇంతకుముందు ఎవరికీ ఇవ్వలేదు.

ఫిబ్రవరి 3, మంగళవారం

అమ్మ నాకంటే ముందు తయారైంది. ఆకుపచ్చ పట్టుచీర. పడవలో తడుస్తుందేమోనమ్మా అన్నాను. తడిస్తే తడుస్తుంది అంది. జుట్టు తీసేస్తారుగా అని నన్ను సోఫాలో కూర్చోబెట్టి అటు నుంచి రెండు, ఇటు నుంచి రెండు ఫోటోలు తీసింది. సంచిలో పులిహోర డబ్బా ఉంది. క్యాంపులో బయటి తిండి ఒప్పుకోరేమో అన్నాడు నాన్న. ఎవరు ఒప్పుకోరో నేను మాట్లాడతా అంది.

నాన్న ఇంకా సాక్సు వెతుక్కుంటున్నాడు. అమ్మ అప్పుడే వరండా చివరికి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టి, తొమ్మిది అంతస్తులకీ వినపడేలా కేకేస్తోంది.

"ఏం రాస్తావురా ఇంకా! రండి ఇద్దరూ, పడవెళ్ళిపోద్ది!"